తొమ్మిదో నంబరు తోట

కొత్తగా విలేకరులైన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. మీ ఉద్యోగంలో పెద్ద వార్త ఏది సార్ అని అడుగుతారు. తుపాను గురించో, ఎవరో పెద్దమనిషి రాజీనామా గురించో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివి ఆ రోజు డ్యూటీలో ఉన్న ఎవరికైనా దొరుకుతాయి. నాకు బాగా గుర్తున్న వార్త జిల్లా పేజీలో కింది మూలన, చెప్పుల కొట్టు ప్రకటన పక్కన, పది లైన్లు కూడా లేకుండా వచ్చింది. దాన్ని నేనే రాశాను. అందులో రాయని విషయం మీకు చెప్పాలని ఇప్పుడు కూర్చున్నాను.

రిటైర్మెంటుకు ముందు చలికాలం అది. నేను విశాఖ బ్యూరోలో ఉండేవాణ్ణి. ఒక ఉదయం ఏజెన్సీ కొండల కంట్రిబ్యూటర్ ఫోన్ చేశాడు. వార్తకు ఇంత అని తీసుకుని రాసే కుర్రాడు. ఉత్సాహం ఎక్కువ.

"సార్, అర్జెంటు. మా కాడ ఒక తెల్లోడు కొండని సర్వే సేత్తన్నాడు. జనం పట్టీసుకున్నారు. కాగితాలు దొరికినాయి. నంబర్లున్నాయి సార్, నంబర్లు."

వెంటనే ఒక ఫోటో పంపించాడు. పెన్సిలుతో గీసిన కొండ. దాని ఒంటి మీద చేలు, తోటలు, కింద ఇళ్లు, ఇంకా కింద పారే గెడ్డ. గీత గట్టిగా ఉంది, ఎక్కడా చెరపలేదు. ప్రతి చేనులోనూ ఒక అంకె. మూడు, ఏడు, నాలుగు, నాలుగు, మళ్లీ ఏడు.

ఆ ఫోటో చూడగానే నాకూ అనుమానం వచ్చిందని ఒప్పుకోవాలి. ఏజెన్సీలో చేనుకు అంకె అంటే ఒకటే అర్థం, సర్వే నంబరు. పట్టా కోసం తండ్రి తిరిగి, కొడుకు తిరిగి, ఆఖరికి మనవడి చేతికొచ్చే నంబరు అది. ఆ నంబరు వేసే మనిషి వచ్చాడంటే ఊరికి ఏదో ఇవ్వడానికైనా వచ్చి ఉండాలి, తీసుకుపోవడానికైనా వచ్చి ఉండాలి. ఆ రోజుల్లో ఇవ్వడానికి ఎవరూ వస్తున్నట్టు లేదు. ఆ కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కట్టి, నీళ్లు పైకీ కిందికీ తిప్పి కరెంటు తీసే ప్రాజెక్టు వస్తుందని చెప్పుకునేవారు. ఎప్పుడు వస్తుందో, ఎన్ని ఊళ్లు పోతాయో ఎవరూ చెప్పేవారు కాదు. అడిగితే ఇంకా ఏమీ అనుకోలేదనేవారు. ఏమీ అనుకోకుండానే కొలిచేవాళ్లు మాత్రం వచ్చి పోతుండేవారు.

డెస్క్ ఇన్‌చార్జి నా కంటే చిన్నవాడు, చురుకైనవాడు. నా ఫోనులో ఫోటో చూసి హెడ్డింగ్ పెట్టేశాడు. "గిరిజన కొండల్లో విదేశీ సర్వే? బాగుంది కదా సార్. ప్రశ్నార్థకం ఉంది, ఇబ్బంది లేదు. మీరు వెళ్లి మనుషుల మాటలు నాలుగు తెండి, చాలు."

ప్రశ్నార్థకం మా వృత్తిలో గొడుగు లాంటిది. దాని కింద నిలబడితే ఏ వానా తగలదనుకుంటాం. తడిసేది ఎవరన్నది తర్వాతి సంగతి.

జీపులో ఘాట్ ఎక్కుతూ, సిగ్నల్ ఉన్నంతసేపు ఆ తెల్లాయన పేరు ఫోనులో వెతికాను. పాస్‌పోర్టు పోలీసు స్టేషన్‌లో చూపించాడు కాబట్టి పేరు కంట్రిబ్యూటర్‌కు దొరికింది. అమెరికాలో మొక్కజొన్న పండే ప్రాంతంలో చిత్రకారుడట. అక్కడి పల్లె బతుకును గీసేవాడిగా సొంత ప్రాంతంలో గట్టి పేరుంది. ఎర్ర రంగు చెక్క కొట్టాలు, గడ్డి మోపులు, మంచులో నిలబడిపోయిన ట్రాక్టరు, ఒక ఇంటి వాకిట్లో సామాన్ల వేలం. అక్కడి బ్యాంకుల్లో, పశువుల డాక్టర్ల గదుల్లో ఆయన బొమ్మలు వేలాడుతుంటాయని ఒకచోట రాశారు. పెద్ద నగరాల వాళ్లు అంతగా పట్టించుకోలేదట. అన్నిటి కంటే నన్ను ఆపిన వాక్యం ఇంకొకటుంది. ఆయన జీవితమంతా గీసినవి ఇంటి నుంచి సైకిలు మీద వెళ్లి రాగల దూరంలోనివేనట.

అలాంటి మనిషికి డెబ్బై ఏళ్లు దాటాక, అరకు దాటి, ముంచింగిపుట్టు వైపు పోయే దారిలో తారురోడ్డు దిగి, ఇంకా లోపలున్న ఊళ్లో ఏం పని? ఈ ప్రశ్న రాసుకున్నాను. చాలా మంచి ప్రశ్న అనుకున్నాను.

ఊరి మొదట్లో వెదురు అడ్డంగా కట్టి ఉంది. ఇద్దరు కుర్రాళ్లు, ఊరి పెద్ద, మా కంట్రిబ్యూటర్ నిలబడి ఉన్నారు. పెద్దాయన భుజాన కంబళి, నోట్లో చుట్ట. నా కార్డు తీసుకుని తలకిందులుగా పట్టుకుని, మళ్లీ సరిగ్గా పట్టుకున్నాడు.

"ఏ పేపరు బాబూ?"

చెప్పాను.

"ఓ, ఆ పేపరా. మొన్న మీ పేపర్లో పేజీ అంతా పేజెక్టు బొమ్మే. డేము, నీల్లు, నవ్వుతున్న పిల్లలు. ఆ పిల్లలు మావోల్లు కారు."

అది ప్రకటన అనీ, వార్త వేరు, ప్రకటన వేరు అనీ చెప్పాను.

"రెండూ ఒకే కాగితం మీద కదేటి ఎట్టినారు?" అన్నాడు. కుర్రాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను కానీ కాస్త ఆలస్యంగా.

వాళ్ల అనుమానానికి కారణం ఉంది. ఆ ముందటి ఏడాది నలుగురు వచ్చి, పిట్టల్ని లెక్కపెడుతున్నామని చెప్పి రెండు వారాలు కొండ మీద తిరిగారట. ఊరివాళ్లు వాళ్లకు అంబలి పోశారు, దారి చూపించారు. వాళ్లు వెళ్లాక చూస్తే కొండ మీద ఎర్ర జెండాలున్నాయి.

"పిట్టలకి జెండాలు పాతుతారేటి బాబూ?" అని అడిగాడు పెద్దాయన. "ఇప్పుడీ ముసిలాయన బొమ్మలు గీత్తానంటన్నాడు. సేతిలో ఫోనుంది. ఫోటో తీసుకోవచ్చు గదా. తియ్యడు. పొద్దల్లా గెడ్డ అవతల కూకుని కొండనే సూత్తాడు. ఎందలకి?"

న్యాయమైన ప్రశ్నే. నాది కూడా అదే.

ఆయన ఉంటున్నది ఊరి చివర ఒక ఆశా వర్కర్ ఇంట్లో. ఆవిడకు ముప్ఫై అయిదేళ్లు ఉంటాయేమో. నర్సింగు చదివి, మైదానంలో ఒక ఆసుపత్రిలో కొన్నాళ్లు చేసి, భర్త పోయాక అత్తగారి ఊరికి తిరిగొచ్చిన మనిషి. ఆసుపత్రిలో నేర్చుకున్న ఇంగ్లీషు ఉంది. వెనక గది పర్యాటకులకు ఇస్తే నాలుగు డబ్బులొస్తాయని ఈ మధ్యే సున్నం వేయించింది. మొదటి అతిథి ఈయనే.

ఇంటి వెనకే కాఫీ తోట. గుమ్మంలోంచే కనిపిస్తోంది. కొమ్మలకు పళ్లు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి కానీ ఎరుపు తిరిగి, ముదిరి, నల్లబడుతున్నాయి. కొన్ని కింద రాలి చీమలు పట్టాయి. కోత కాలంలో ఇదేమిటని అడిగాను.

"సేతులు నేవు సార్," అంది. ఆ ఊళ్లో కాఫీ ఎవరి తోట వాళ్లు కోసుకోరు. అందరూ కలిసి ఒకరి తోటకు పోతారు, తర్వాత ఇంకొకరి తోటకు. ఈవిడ అందరి తోటలకూ వెళ్లింది. ఈవిడ వంతు వచ్చేసరికి ఈయన దిగాడు. 'నీ సుట్టం ఎల్లినాక సూద్దాం' అన్నట్టుగా ఎవరూ రాలేదు. "ఏటీ అన్లేదు సార్. తిట్టినా బాగుణ్ను. రానేదు, అంతే."

ఆ మధ్యాహ్నం ఊరంతా కూర్చుంటున్నారు. తెల్లాయన సర్వేవాడని తేలితే ఆయన్ని పంపించేస్తారు, అది పెద్ద సంగతి కాదు. ఈవిడ మాత్రం పొత్తులోంచి పోతుంది. కోతకు, రాగిచోళ్ల నూర్పుకు, ఊరంతా వేటకు పోయే ఇటుకల పండక్కి, చావుకు కూడా ఎవరూ గడప తొక్కరు. అలా ఒక్క ఏడు గడిస్తే ఆ ఊళ్లో ఒంటరి ఆడమనిషి తోట నిలవదు. ఇవన్నీ ఆవిడ బియ్యం చెరుగుతూ, మాట పెంచకుండా చెప్పింది.

చిత్రకారుడు వరండాలో కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, పెద్ద చేతులు. గోళ్ల సందుల్లో రంగు లేకపోతే రైతే అనుకుంటాం. ఎదురుగా కాపలాకు ఒక కుర్రాడు పీట వేసుకుని ఫోనులో క్రికెట్ చూస్తున్నాడు. పలకరించి, ఇంగ్లీషులో ఎందుకొచ్చారని అడిగాను. వాళ్ల ఊరి కొట్లో అరకు కాఫీ పొట్లం అమ్ముతారట, దాని మీద కొండ బొమ్మ ఉందట. పొలాల్లో ఇంకా మనుషులున్న ప్రాంతం ఒకటి చూడాలనిపించిందట.

పొట్లం మీద బొమ్మ చూసి ప్రపంచం అటు నుంచి ఇటు వస్తాడా ఎవరైనా? నమ్మలేదు. రాసుకున్నాను.

అంకెలేమిటని అడిగాను. రంగులన్నాడు. ఇక్కడ పొగమంచుకు కాగితం మీద తడి ఆరడం లేదు, అందుకని పెన్సిలుతో గీసి ఏ రంగో అంకె వేసుకుంటాడు, ఎండ వచ్చినప్పుడు రంగులేస్తాడు. కుర్రతనం నుంచీ అలవాటట, వాళ్ల ఊళ్లో చలికి రంగు గడ్డకడుతుందట.

"మరి తొమ్మిదేమిటి?" అన్నాను. దారిలోనే కంట్రిబ్యూటర్ చెవిలో వేశాడు ఆ సంగతి. కొండ మీద కాఫీ తోటలన్నిటికీ నాలుగు. ఈవిడ తోట ఒక్కదానికే తొమ్మిది. మొత్తం కాగితంలో తొమ్మిది ఇంకెక్కడా లేదు.

ఆయన కొంచెం ఆలోచించాడు. "దానికి పేరు లేదు," అన్నాడు. "కలిపి చూడాలి."

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ చాట వైపు చూసింది.

మీరే చెప్పండి, నా స్థానంలో ఉంటే ఏమనుకునేవారు?

కాఫీ ఎండబెట్టే కళ్లంలో కూర్చున్నారు ఊరంతా. మధ్యలో గింజలు పరిచి ఉన్నాయి, చుట్టూ జనం. ఎండ బాగా కాసింది. పెద్దాయన చుట్టి పెట్టిన కాగితాలు ఇంట్లోంచి తెప్పించాడు. తెల్లాయన్ని ఒక కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిణ్ణి పక్కన నిలబెట్టారు. ఆయన ఇంగ్లీషు మాటలు తెలుగులో చెప్పాల్సింది ఆవిడే. ఊరి వరసకు ఆవిడ పెద్దాయనకు కోడలు. అప్పుడు పెద్దాయన నన్ను పిలిచాడు.

"బాబూ, నువ్వు ఇంగ్లీసు సదివినోడివి. కోడలు సరిగ్గా సెప్తందో, తిప్పి సెప్తందో నువ్వు ఇను. తప్పయితే సెప్పు."

"మీకు నా మీద నమ్మకం ఉందా?" అన్నాను.

"నేదు. ఆయమ్మీదా నేదు. ఇద్దరున్నారు గదా, సరిపోద్ది."

ముందు ఒక కుర్రాడు కాగితం పరిచి తొమ్మిది మీద వేలు పెట్టాడు. చదువుకున్న కుర్రాడు, పట్టాల కోసం మండలాఫీసుకు తిరిగేది అతనే. "అందరి తోటలకీ నాలుగు. ఈలకి తొమ్మిది. ఎందుకంటా? ముందే మాటాడీసుకున్నారు. మనం పోనాక ఈల తోట ఒకటే ఉంటాది, ఆల ఆఫీసుకి."

అవి రంగు నంబర్లని ఆయన అంటున్నాడని ఆవిడ చెప్పింది.

"రంగులా? ఆల మ్యాపుల్లో కూడా రంగులే. అడివికి పచ్చ, పట్టాకి పసుపు. మండలాఫీసు గోడకి ఏలాడతంది, సూడనేదేటి?"

జనం తలలు ఊపారు. నా తల కూడా కొంచెం ఊగింది.

నిజంగా బొమ్మలేసేవాడైతే సొంత ఊరి బొమ్మలు చూపించమన్నారు. ఆయన సంచిలోంచి ఒక పుస్తకం తీసి ఇచ్చాడు. అది చేతులు మారుతూ కళ్లం చుట్టూ తిరిగింది. జీపులో నేను చూసిన బొమ్మలే. ఎవరూ బాగుందనీ, బాగోలేదనీ అనలేదు. ట్రాక్టరు దగ్గర కుర్రాళ్లు ఆగారు. మొక్కజొన్న చేను దగ్గర మగవాళ్లు ఆగారు. ఒక ముసలమ్మ మాత్రం మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేసి, మళ్లీ మొదటికొచ్చింది.

"ఇల్లుంది. సేనుంది. బండుంది. మడుసులేరి?" అంది.

నేను ఆ పుస్తకం అలా చూడలేదు. నిజమే. పేజీకి ఒక మనిషి కూడా కష్టం. కిటికీలకు తెరలు లేవు. తలుపు ముందు గడ్డి మొలిచింది.

ఆవిడ అడిగింది. ఆయన నెమ్మదిగా చెప్పాడు. తను బొమ్మలు మొదలుపెట్టినప్పుడు ప్రతి పొలంలోనూ ఒక కుటుంబం ఉండేదనీ, వాళ్లు ఒక్కొక్కరే పోతుంటే, పోయేలోపల గీస్తూ వచ్చాననీ, తన పని అంతా అదేననీ.

ఆవిడ వెంటనే తెలుగులో చెప్పలేదు. నేను ఆవిడ ముఖమే చూస్తున్నాను. ఈ మాట ఇలాగే చెబితే ఏమవుతుందో ఆవిడకు తెలుసు. పని కోసం పట్నం పోయారనవచ్చు, పండక్కి వస్తారనవచ్చు. అలా అంటే నేను తప్పని చెప్పాలి. చెప్పేవాణ్ణో కాదో నాకు తెలియదు. ఆ అవసరం రానివ్వలేదు ఆవిడ.

"ఆల ఊల్లు కాళీ అయిపోతంటే, అయిపోయే ముందు ఈయన బొమ్మలు గీసినారంట," అంది.

గింజల మీదికొచ్చిన కోడిని కూడా ఎవరూ తోలలేదు.

"ఎవులు ఎల్లగొట్టినారు?" అన్నాడు పెద్దాయన.

ఎవరూ వెళ్లగొట్టలేదట. పెద్ద పొలం వాళ్లు చిన్న పొలాలు కొనేశారట. అప్పులున్నాయట.

"సంతకాలెట్టినారా?"

"ఎట్టినారంట."

"ఆలకి ఆలేనా?"

"ఆలకి ఆలే."

ముసలమ్మ పుస్తకం మూసింది. "మరి ఈయనేటి సేసినాడు, ఆలు ఎట్టేటప్పుడు?"

ఆవిడ ఈ ప్రశ్నను ఇంగ్లీషులో చాలా చిన్నగా అడిగింది. ఆయన ఒక్క మాట అన్నాడు. ఆవిడ దాన్ని చెప్పింది.

"బొమ్మ గీసినారంట."

ఎవరో కుర్రాడు కిసుక్కున నవ్వాడు. ముసలమ్మ నవ్వలేదు. నా చేతిలో పెన్ను ఉంది. దాన్ని జేబులో పెట్టుకున్నాను.

"ఇదేగదా నాను సెప్పింది," అన్నాడు చదువుకున్న కుర్రాడు. "ఊరు పోయే ముందే వస్తాడు. మన ఊరు పోద్దని ఈయనకి ఎవులు సెప్పినారు?" ఆ మాటతో జనం ఆవిడ వైపు తిరిగారు. తెల్లాయన్ని వదిలేశారు. ఒకామె, నిన్నటిదాకా ఆవిడ చేత బీపీ చూపించుకున్నామె, కూర్చున్న చోటు నుంచి జరిగి ఇంకోచోట కూర్చుంది.

అప్పుడు ఆవిడే అంది. "మావా, రంగులెయ్యమనండి."

"ఏటి?"

"ఎండుంది గదా. నంబర్లు రంగులంటన్నారు. మీ అందరి ముందరా ఎయ్యమనండి. కాకపోతే ఇక్కడే తేలిపోద్ది. నాను బేగి మూట కట్టీసుకుంటాను."

పెద్దాయన చుట్ట ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. గెడ్డ నీళ్లు తెమ్మని ఒకణ్ణి పంపించాడు.

తెల్లాయన కాగితాన్ని ఒక చాట మీద పరుచుకుని, రేకు పెట్టె తెరిచాడు. ముందు ఏడు. అంకె ఉన్న చోటల్లా వలిసె పువ్వు పసుపు వచ్చింది. "మరీ అంత పసుపా?" అన్నారు ఎవరో. "మొన్నటికి అంతే. ఇప్పుడు రాలతంది," అన్నారు ఇంకెవరో. తర్వాత మూడు. కోసేసిన చోళ్ల దుబ్బుల రంగు. "అది నా సేనే," అని ఒకాయన లేచి నిలబడ్డాడు, "గట్టు అలగుండదు, వంకరుంటాది." అక్కడ గట్టు వంకరగానే గీసి ఉందని పక్కవాడు చూపించాడు. అయిదు అంకె రెండు ఇళ్ల కప్పులకూ, ఒక ఆవుకూ ఉంది. ఆవు గోధుమ రంగులోకి తిరిగేసరికి, "ఆవుకి కూడా పట్టా ఇచ్చీసినారు," అని ఒక ముసలాయన అన్నాడు. ఆ రోజు మొదటిసారి అందరూ నవ్వారు.

నాలుగు, కాఫీ తోటలకు. కోత అయిపోయిన ఆకు. నల్లటి ఆకుపచ్చ.

ఇక తొమ్మిది ఒక్కటే మిగిలింది. కొండంతా రంగులొచ్చి, ఆ ఒక్క ముక్క మాత్రం తెల్లగా, మధ్యలో అంకెతో ఉంది. జనం దగ్గరికి జరిగారు. కాపలా కుర్రాడు క్రికెట్ ఆపేశాడు.

ఆయన ముందు ఆకుపచ్చ వేశాడు. అక్కడి దాకా నాలుగే. చదువుకున్న కుర్రాడు నా వైపు చూశాడు. తర్వాత ఆయన పెట్టె మూతలో ఎరుపు తీసుకుని, అందులో కాస్త గోధుమ రంగు, కాస్త నీలం కలిపి, చూసి, బాగోలేదన్నట్టు తుడిచి, మళ్లీ కలిపాడు. ఎరుపు చచ్చి నలుపులోకి తిరుగుతున్న రంగు. దాన్ని కుంచె మొనతో చుక్కలు చుక్కలుగా ఆకుపచ్చ మీద పెట్టుకుంటూ పోయాడు.

అందరూ కాగితం చూశారు. తర్వాత, ఎవరూ చెప్పకుండానే, తలలెత్తి ఆవిడ ఇంటి వెనక తోట చూశారు. మళ్లీ కాగితం చూశారు.

ఆ తోట అలా ఉండడానికి కారణం అక్కడ కూర్చున్నవాళ్లే. వాళ్లు కోతకు రాలేదు కనుక పండు నల్లబడింది. నల్లబడింది కనుక ఆయన వేరే అంకె వేసుకున్నాడు. ఆ అంకె చూసి ఆవిడ అమ్ముడుపోయిందన్నారు. ఈ లెక్క నేను మీకు విప్పి చెబుతున్నాను కానీ, ఆ కళ్లంలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

"పండు మాడిపోనాదే," అంది ముసలమ్మ.

పెద్దాయన కోడలి వైపు చూడకుండా అడిగాడు. "ఎన్నాల్లయినాది కొయ్యక?"

"మీకు తెలవదేటి మావా," అంది ఆవిడ.

ఆయన చెవి మీది చుట్ట తీసి, వెలిగించకుండా మళ్లీ అక్కడే పెట్టాడు. "పొద్దున్నే బుట్టలు అట్టుకుని రండి," అని జనంతో అన్నాడు. తప్పయిందని ఎవరూ అనలేదు. ఆవిడా అడగలేదు. జరిగి కూర్చున్నామె మళ్లీ ఇటు జరిగింది.

అంతటితో అనుమానం పోయిందనుకునేరు. పెద్దాయన ఇంకో రెండు మాటలు చెప్పాడు. తెల్లాయన ఉన్నన్నాళ్లు ఉండొచ్చు, మనుషుల్నీ పశువుల్నీ గీసుకోవచ్చు, కొండని మాత్రం గీయకూడదు. గీసిన కాగితాలు ఊళ్లోనే ఉంటాయి. మనిషి మంచోడైనా కాగితం ఎవరి చేతిలో పడుతుందో ఎవరికి తెలుసు? రెండోది మాకు. కంట్రిబ్యూటర్, నేను, మా ఫోనుల్లో ఉన్న కొండ ఫోటోలు అందరి ముందూ తీసెయ్యాలి. తీసేశాను. చదువుకున్న కుర్రాడు నా ఫోను తీసుకుని, తీసేసిన ఫోటోలు నెల రోజులు దాక్కునే చోటు తెరిచి, అక్కడ కూడా తీసేసి ఇచ్చాడు. అలాంటి చోటొకటి ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

నాకూ అనుమానం పూర్తిగా పోలేదు. తర్వాత చాలాసార్లు ఫోనులో ఆయన కొత్త బొమ్మలు వెతికాను. మన కొండ ఎక్కడా కనిపించలేదు. ఎర్ర కొట్టాలే ఉన్నాయి. అయినా అంతసేపు కళ్లార్పకుండా చూసిన మనిషి బుర్రలోంచి కొండని ఎవరు తీయగలరు?

సాయంత్రం సిగ్నల్ కోసం గట్టెక్కి డెస్క్‌కు ఫోన్ చేశాను. సర్వే కాదు, బొమ్మ అని చెప్పాను. "ప్రశ్నార్థకం పెట్టినా నిలవదా సార్?" అన్నాడు ఇన్‌చార్జి దిగులుగా. నిలవదన్నాను. ఊరి అభ్యంతరంతో కొండ చిత్రాలు ఆపిన విదేశీ చిత్రకారుడు అని ఆ కాసిన్ని లైన్లూ అక్కడి నుంచే చెప్పాను. ఫోటో ఉందా అన్నాడు. లేదన్నాను. ఆ రోజు నేను ఆఫీసుకు చెప్పిన వాటిలో అది పూర్తిగా నిజం.

బ్యాగు కోసం కిందికొచ్చేసరికి పెద్దాయన కళ్లంలో ఒక్కడే కాగితం ముందు కూర్చున్నాడు. రంగులు ఆరాయి. తెల్లాయన కుంచెలు కడుక్కుంటున్నాడు. ఆవిడ గింజలు కుప్ప చేస్తోంది.

"కోడలా," అన్నాడు. "కాగితం మాయింట్లో ఎడతాను గదా. ఎవులైనా వత్తే సూత్తారు. ఆ నల్లమచ్చ తీసెయ్యమను. ఎలాగూ రేపు కోసేత్తాం."

ఆవిడ ఇంగ్లీషులో అడిగింది. తెల్లాయన కాగితం చూసి, తల ఊపి, దానికేముంది, శుభ్రమైన నీళ్లూ కుంచే ఉంటే రంగు లేపేయొచ్చు, పైన ఆకుపచ్చ వేసేస్తే తెలియదు అన్నాడు. కుంచె చేతిలోకి తీసుకున్నాడు కూడా.

ఆవిడ కుప్ప మీదికి వంగి గింజలు సర్దింది.

"ఒకసారి ఆరిపోనాక ఇంక మారదంట మావా," అంది.

తెల్లాయన చేతిలోని కుంచెను పెద్దాయన చూశాడు. ఆవిణ్ణి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. మధ్యాహ్నం నాకు అప్పగించిన పని ఆయన మర్చిపోలేదు.

"అంతేనా బాబూ?"

"అంతే," అన్నాను.